సగం మాటకే అందుకునే జిలాని

ఆదోనిలో జిలాని బాషాతో ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడిన పాపాన పోయినవాళ్లు లేరు. అది వాళ్ల తప్పు కాదు. ఎదుటివాడు నోరు తెరిచి రెండు ముక్కలు అనేలోపు మిగతాది జిలాని అందుకునేవాడు. "అన్నా, నిన్న మా మామ..." అంటే చాలు, "వచ్చినాడా? కోడి కోసినారా?" అనేవాడు. ఆ మామ వచ్చాడో, జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడో చెప్పుకునే అవకాశం ఉండేది కాదు. మనిషి మంచివాడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. సాయం అడిగితే లేదనేవాడు కాదు. కాకపోతే మనం ఏం సాయం అడుగుతున్నామో కూడా ఆయనే చెప్పేవాడు.

ఈ అలవాటు ఎక్కడిదంటే పుట్టిన ఇంటిది. జిలాని తండ్రి దస్తగిరి దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు, బొంతలు ఆయన పని. పొద్దున లేస్తే ఏకుడు విల్లు టంకు టంకుమని మోగుతూనే ఉండేది. ఆ చప్పుడులో ఎవరేం మాట్లాడినా సగమే చెవిన పడేది. "జిలానీ, ఆ కుండలో..." అని తల్లి అనేది, తర్వాత టంకు. కుండలో నీళ్లు పొయ్యాలో, కుండలోని నీళ్లు తేవాలో పిల్లవాడే ఊహించుకోవాలి. ఊహించుకోకపోతే తిట్లు, తప్పు ఊహిస్తే ఇంకా తిట్లు. అలా పదేళ్లు గడిచేసరికి ఊహించడమే వాడికి వినడమైంది. విల్లు మోగని చోటకు వచ్చాక కూడా వాడి చెవిలో సగం మాటకొక టంకు మోగేది. బళ్లో అయ్యవార్లు కొట్టి చూశారు, బుజ్జగించి చూశారు, చివరకు వాళ్లే మాటలు తగ్గించుకున్నారు.

ఆదోని కాలేజీలో బీయస్సీ పూర్తిచేసి, డెబ్బై మూడులోనో నాలుగులోనో ఒక పత్తి జిన్నింగ్ కంపెనీలో టెలిఫోను బోర్డు దగ్గర చేరాడు. ఇలాంటివాడికి ఆ పని ఇవ్వడం ఎంత పెద్ద పొరపాటో మీకు అర్థమయ్యే ఉంటుంది. కంపెనీ వ్యవహారాలు చూసేది విశ్వేశ్వరయ్య. అప్పటికింకా కుర్రతనం పోని మనిషి, తొందర ఎక్కువ. పత్తి రాక జోరుగా ఉన్న ఒక రోజు ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి "జిలానీ, గోనె..." అన్నాడు. జిలాని "అట్లనే సార్" అని గోనెగండ్లకు ట్రంకాల్ బుక్ చేశాడు. అక్కడ కంపెనీకి కబుర్లు అందించే కిరాణా కొట్టొకటి ఉండేది. విశ్వేశ్వరయ్యకు కావలసింది ఆదోనిలోనే, రెండు వీధుల అవతల ఉన్న గోనె సంచుల వ్యాపారి.

లైను కలిసింది. విశ్వేశ్వరయ్య ఫోను పట్టుకుని ఒకటే కేకలు. "పత్తంతా నేలమీద పడుండాది, సంచులు ఏమాయె? పొద్దున్నుంచి కాసుకోనుండాము." అవతల కొట్టాయన పాపం నెమ్మదిగా, "మాతాన సంచుల్లో బెల్లముండాది సామీ. అంత అవసరమంటే బెల్లం గంపలకు ఎత్తి ఖాళీవి పంపుతా" అన్నాడు. అన్నట్టే సాయంత్రం బస్సు మీద పంపాడు కూడా. ఆ ఏడు ఆదోని దూది కొంత బెల్లం వాసన వేసుకుంటూ పోయిందని మార్కెట్లో చెప్పుకున్నారు. విశ్వేశ్వరయ్య తిట్టబోతే జిలాని ముందే అందుకున్నాడు: "సంచులైతే వచ్చినాయి గదా సార్."

అది ఆయన ధైర్యం. పదిసార్లు అందుకుంటే ఎనిమిదిసార్లు సరిగ్గానే అందుకునేవాడు. మిగతా రెండుసార్ల గురించి ఆలోచించిన మనిషి కాదు.

పెళ్లయింది. రసూల్‌బీ ఆస్పరి పిల్ల, మాట నిదానం. పెళ్లయిన కొత్తలో ఆమె తన మాట తను ముగించుకోవాలని ఎన్నో తంటాలు పడింది. తర్వాత ఎందుకో మానేసింది. ఎందుకు మానేసిందో జిలాని అడగలేదు. ఆమెకు అలవాటైపోయిందని తనే అనుకున్నాడు.

ఎనభై అయిదులో కంపెనీ వాళ్లు కంప్యూటరు కొన్నారు. పత్తి కుప్పలు ఏ ఊరివి, ఏ రకం, ఎంత తేమ, ఏ గోడౌనుకు పోయాయి, ఇదంతా అందులో ఎక్కించాలని వాళ్ల ఆశ. నేర్చుకురమ్మని జిలానిని బెంగళూరు పంపారు. ఎందుకు జిలానినే అంటే, తీగలతో పనిచేసినవాడు ఆఫీసులో ఇంకొకడు లేడు గనక. పెద్దవాళ్ల నిర్ణయాలు ఇలాగే ఉంటాయి, ఒక్కోసారి అవే ఫలిస్తాయి. జిలాని ఆ యంత్రానికి అంటుకుపోయాడు. తిరిగొచ్చి పత్తి ప్రోగ్రామంతా తనే రాశాడు.

ప్రోగ్రాము రాయడం ఒక ఎత్తు, అందులో తప్పులు వెతకడం ఇంకో ఎత్తు. దానికి డిబగ్గర్ అని ఒక పనిముట్టు ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో నిలబెట్టి, ఎక్కడ ఏముందో చూపించమని అడగొచ్చు. ఒక్కో మాట కొట్టి, ఎంటర్ నొక్కితే ఒక్కో పని చేస్తుంది. బెంగళూరు వాళ్లిచ్చిన డిబగ్గర్‌లో మాటలన్నీ ఇంగ్లీషువి. జిలానికి అది నచ్చలేదు. తనే ఒకటి తయారు చేసుకుని దానికి 'కలుపు' అని పేరు పెట్టాడు. పైరులో కలుపు తీసినట్టు తప్పులు తీసేదని. అందులో మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగువి: నిలుపు, సూడు, సెరిపెయ్, సాలు. చూపించడానికి సూడు, ఉన్నది తుడిచేయడానికి సెరిపెయ్, పని ముగించడానికి సాలు. చ అని రాయాల్సిన చోట స రాశాడేమని అడిగితే, "నోటితో ఎట్లంటామో అట్లనే కదప్పా" అనేవాడు.

బెంగళూరులో ఆయన ఇంకొకటి కూడా చూసొచ్చాడు. రెండక్షరాలు కొట్టి ఒక మీట నొక్కితే మిగతా మాట యంత్రమే పూర్తిచేసే ఏర్పాటు. అది చూసిన రోజు జిలాని ఆనందం చెప్పనలవి కాదు. లోకంలో తనలాంటిది ఇంకొకటి ఉందని తెలిసింది మరి. కలుపులో టాబ్ మీటకు ఆ పని అప్పగించాడు. అయితే బెంగళూరు యంత్రం నిదానస్తురాలు, మాట పూర్తిచేసి ఊరుకునేది. జిలాని కలుపు అట్లా కాదు. ఎస్ కొట్టి టాబ్ నొక్కితే, ఆ అక్షరంతో చివరిసారి ఏ మాట వాడారో అదే కావాలనుకుని పూర్తిచేసి, ఎంటర్ కూడా తనే కొట్టేసుకుని, పని చేసేసేది. అచ్చం తనను పుట్టించిన జిలాని పోలికే.

ఎనభై ఏడులో అమృతవల్లి చేరింది. ఎమ్మిగనూరు పిల్ల, మగ్గాల ఇల్లు, బీకాం చదివింది. రోజూ బస్సులో వచ్చి పోయేది. రైతులు తెచ్చిన చీటీలు చూసి కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. కొన్నాళ్లకు జిలాని దగ్గర ప్రోగ్రాము కూడా నేర్చుకుంది. ఆమె మాట్లాడే తీరు వేరు. ముందొక మాట అని, ఆగి, మిగతాది లోపల సర్దుకుని అప్పుడు బయటపెట్టేది. ఆ ఆగిన చోటల్లా జిలానిదే రాజ్యం. పాపం ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరుకు ఉంచుతారో పంపుతారో విశ్వేశ్వరయ్య తేల్చాలి. ఇంట్లో తండ్రి లేడు. ఆ పిల్ల జీతం వచ్చాకే తల్లి కనకమ్మ చీకటి పడగానే మగ్గం దిగడం మొదలుపెట్టింది.

ఆ నెలాఖరు వారంలోనే ఒక చిక్కొచ్చింది. ఆస్పరి నుంచి వచ్చిన కుప్పలు ఆదోని పేరు కింద పడుతున్నాయి. జిలాని గోడౌనుకు పోతూ, "అమ్మా, కలుపు పెట్టి సూడు" అని చెప్పి వెళ్లాడు. అమృతవల్లి కూర్చుంది. చూడు అని అడగాలి. బళ్లో నేర్చుకున్న చెయ్యి కదా, సి, హెచ్ కొట్టి టాబ్ నొక్కింది. అలాంటి మాట తనకు తెలియదని యంత్రం టింగుమంది. అప్పుడు గుర్తొచ్చింది, జిలానన్న పలికినట్టే రాస్తాడని. ఎస్ కొట్టింది. టాబ్ నొక్కింది.

పొద్దున జిలాని తన పరీక్షలకు ఎక్కించిన ఉత్తుత్తి కుప్పలను తుడుస్తూ సెరిపెయ్ అని చాలాసార్లు కొట్టి ఉన్నాడు. కలుపుకు అదే గుర్తుంది. సెరిపెయ్ అని పూర్తిచేసుకుంది, ఎంటర్ కొట్టుకుంది, చెరిపేసింది. పెద్దకడుబూరు పత్తి, గోనెగండ్ల పత్తి, ఆస్పరి పత్తి, ఆ సీజనంతా ఎక్కించినవి ఒక్క రెప్పపాటులో తుడిచిపెట్టుకుపోయాయి. టేపు మీద తీసిపెట్టిన నకలు పాతది, అందులో సగం కూడా లేవు.

బయట లారీలు నిలబడిపోయాయి. ఏ కుప్ప ఏ గోడౌనులో ఉందో చెప్పే దిక్కు లేదు. విశ్వేశ్వరయ్య ఇద్దరినీ గదిలోకి పిలిపించాడు.

"ఏమాయెమ్మా? సెప్పు" అన్నాడు అమృతవల్లితో.

"సార్, నేను సూ..." అని ఆమె ఆగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"సూసుకోకుండా నొక్కింది సార్" అని జిలాని అందుకున్నాడు. "సిన్నపిల్ల. కొత్త. ఈసారికి వదిలెయ్యండి."

ఆ పిల్లను కాపాడుతున్నానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. విశ్వేశ్వరయ్య ముఖం మాడిపోయింది. "సూసుకోకుండా నొక్కేవాళ్లకు ఈడ పని ల్యా. సోమవారం నుంచి రావద్దని సెప్పు" అన్నాడు. అమృతవల్లి జిలాని వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తన మాట ఇంకా గొంతులోనే పెట్టుకుని, సంచి తీసుకుని బస్టాండుకు వెళ్లిపోయింది.

జిలాని వచ్చి యంత్రం ముందు కూలబడ్డాడు. తెర మీద ఆమె కొట్టినవి అలాగే ఉన్నాయి. పైన సి, హెచ్. కింద సెరిపెయ్. రెండింటినీ మార్చి మార్చి చూశాడు. చెరిపెయ్ అని కొట్టబోయి అక్షరాలు తప్పిందేమోనని మొదట తనకు అలవాటైన తొందరలో అనుకున్నాడు. తర్వాత తను వెళ్తూ వెళ్తూ చెప్పిన మాట గుర్తొచ్చింది: కలుపు పెట్టి సూడు. "సార్, నేను సూ..." అని ఆ పిల్ల అనబోయింది సూసుకోకుండా అని కాదు. సూడు అని కొట్టబోతే యంత్రమే చెరిపేసిందని. ఆమె చేతిలోని మాటను తన యంత్రం మింగింది, నోట్లోని మాటను తను మింగాడు. జిలానికి అన్నం సహించలేదు. ఆయన జీవితంలో అది చాలా పెద్ద విషయం.

మర్నాడు పొద్దున్నే విశ్వేశ్వరయ్య దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నమ్మలేదు.

"ఆ పిల్లే నా ఎదురుగా సెప్పె గదప్పా, సూసుకోకుండా నొక్కినానని."

"ఆ పాప సెప్పల్యా సార్. నేను సెప్పినా."

"నీకు మనసు మెత్తన. అందరి తప్పూ నీ నెత్తినేసుకుంటావు. సోమవారం ఆ పిల్లనే వచ్చి సెప్పమను. మధ్యలో నువ్వు ఒక్క మాట అందుకున్నా ఇద్దరినీ పంపిస్తా" అన్నాడు విశ్వేశ్వరయ్య. గోనె సంచుల నాటి నుంచీ ఆయనకు ఇది మనసులో ఉన్నట్టుంది.

జిలాని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. మగ్గాల వీధిలో ఇల్లు కనుక్కుని వెళ్లేసరికి కనకమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ పోతూ పలకల చప్పుడు హోరెత్తుతోంది.

"అమ్మా, నేను జిలానిని. మీ అమృత..." అన్నాడు.

"పనిలోనుంచి తీసేసినారని సెప్పనీక వస్తిరా? తెలుసులేప్పా" అంది కనకమ్మ, చెయ్యి ఆపకుండా.

"అది కాదమ్మా. తప్పు..."

"తప్పు మా పిల్లదేనని మీ ఆఫీసోళ్లంతా అంటాండారు. నువ్వు గూడా ఇంత దూరం వచ్చి అనల్లనా?"

"నేను సెప్పేది..."

"సెప్పేదానికేముండాది. జీతం సంగతేనా? పంపిచ్చండి, తీసుకుంటాము."

జిలాని నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చి, ఎదురుగా ఎవరో తలుపేసినట్టు వెనక్కి పోతున్నాయి. ముప్పై ఏడేళ్ల జీవితంలో ఆయన ఇంత నిస్సహాయంగా ఎక్కడా నిలబడలేదు. తనతో మాట్లాడినవాళ్లందరికీ ఇలాగే ఉండేదా అన్న ఆలోచన వచ్చింది. రాగానే సిగ్గుతో చెవులు కాలాయి.

లోపలి గడపలో అమృతవల్లి నిలబడి ఇదంతా చూస్తోంది. మొదట గంభీరంగానే ఉంది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "మా, మగ్గం నిలుపు. అన్నను మాట ముగించుకోనీ" అంది.

మగ్గం ఆగింది. అంత నిశ్శబ్దంలో జిలానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. "తప్పు నాది, పాపా. నా కలుపుది. నీ నోట్లో మాట నేనే తీసి నాకు తోచింది పెట్టినా. సోమవారం నువ్వు రావల్ల. నువ్వే సెప్పల్ల." మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ పిల్ల రెండుసార్లూ కాచుకుంది, ఒక్క ముక్క అందివ్వలేదు. అంతా అయ్యాక, "వస్తానన్నా. అయితే ముందు కలుపును బాగుచెయ్యల్ల" అంది. కనకమ్మ వడ్డించిన కొర్రన్నం తిని జిలాని తిరుగు బస్సెక్కాడు.

ఆదివారమంతా ఆఫీసులో ఆ ఇద్దరే. చీటీల గోతాం విప్పి ఒకరు చదువుతుంటే ఒకరు కుప్పలన్నీ మళ్లీ ఎక్కించారు. జిలాని చదివేటప్పుడు 'పెద్ద' అని కనబడగానే పెద్దకడుబూరని ఊహించి తర్వాతి చీటీకి పోయేవాడు, ఆమె చీటీ లాక్కుని పెద్దతుంబళమని దిద్దేది. అది ముగిశాక కలుపు ముందు కూర్చున్నారు.

టాబ్ నొక్కితే ఎంటర్ కొట్టుకోకూడదు, అది మనిషి చెయ్యవలసిన పని అన్నది మొదటి సంగతి. దానికి జిలాని వెంటనే ఒప్పుకున్నాడు. ఊహించడం మానెయ్యాలనేసరికి బిగుసుకున్నాడు.

"పదిట్లో ఎనిమిదిసార్లు కరెక్టుగానే అందుకుంటాది గదమ్మా."

"ఆ రెండుసార్లు ఎవరి పాలైతాయన్నా?" అంది అమృతవల్లి. మామూలుగానే అంది, నిష్టూరమేమీ లేదు.

జిలాని కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. కొట్టిన అక్షరాలకు సరిపోయే మాట ఒక్కటే ఉంటే పూర్తిచెయ్యి. రెండు మూడు ఉంటే వాటన్నిటికీ సమానంగా ఉన్న ముక్క వరకే రాసి, టింగుమని, ఏమేమి ఉన్నాయో కింద చూపించి, ఆగు. సెరిపెయ్ మాత్రం టాబ్‌కు దొరకకూడదు. చెరపాలనుకున్నవాడు అక్షరం అక్షరం తనే కొట్టుకోవాలి, ఆ కొట్టేలోపు ఒకసారి ఆలోచిస్తాడు. ఇదంతా అయ్యాక అమృతవల్లి, "ఊర్లో అందరూ సూడు అంటారు, చూడు అని రాస్తారు. రెండూ ఒకటేనని దానికి సెప్తే పాయె" అంది. ఆ మాటకు జిలాని ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సి, హెచ్ కొట్టినా ఎస్ కొట్టినా ఒకే చోటికి వచ్చేలా మార్చాడు. ఆదోని నోటికీ బడి చేతికీ రాజీ కుదిరింది. పనిలో పనిగా అసలు తప్పూ బయటపడింది. ఊరి పేరులో మొదటి అక్షరం ఒక్కటే చూసి 'ఏ' అంటే ఆదోని అని ప్రోగ్రాము తేల్చేసుకుంటోంది, అందుకే ఆస్పరి దారి తప్పింది. అది ఎవరు రాశారో అమృతవల్లి అడగలేదు, అడగకపోవడం ఆమె మంచితనం.

సోమవారం విశ్వేశ్వరయ్య కంప్యూటరు గదికే వచ్చాడు. జిలాని గోడకు ఆనుకుని, రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. రుమాలు ముందుజాగ్రత్త.

"సార్, మీరే ఒకసారి నొక్కండి" అని అమృతవల్లి పాత కలుపును ముందుపెట్టింది. అందులో ఉత్తుత్తి కుప్పలు నాలుగు, వాటన్నిటికీ విశ్వేశ్వరయ్య పేరే పెట్టింది. "సూడు అని అడగల్ల. ఎస్ కొట్టి టాబ్ నొక్కండి."

విశ్వేశ్వరయ్య ఎస్ కొట్టి, టాబ్ నొక్కాడు. తెర మీద ఆయన పేరు నాలుగు చోట్లా మాయమైంది. ఆయన తన వేలు వైపు చూసుకున్నాడు.

"నేనేమీ సెయ్యల్యా" అన్నాడు.

"నేను గూడా సెయ్యల్యా సార్" అంది అమృతవల్లి.

తర్వాత ఆమె కొత్త కలుపును తెచ్చింది. విశ్వేశ్వరయ్య ఈసారి భయం భయంగా నొక్కాడు. యంత్రం టింగుమని, సూడు, సాలు అని రెండు మాటలు కింద చూపించి, ఊరికే ఉంది.

"ఏమమ్మా, నిలబడిపాయె?"

"నిలబడల్యా సార్. మీరేమంటారో అని కాసుకోనుండాది."

విశ్వేశ్వరయ్య ఆ తెరను చూశాడు, గోడ దగ్గర రుమాలు అడ్డం పెట్టుకున్న జిలానిని చూశాడు. గొంతు సవరించుకుని, "మొన్న నిన్ను సెప్పనియ్యల్యా. తప్పే. ఇప్పుడు సెప్పమ్మా, ఏం సెప్పుకుంటావు?" అన్నాడు.

"సార్, ఈ ఉద్యోగం నాకు..." అని అమృతవల్లి ఆగింది.

ఆ ఆగడం మామూలు ఆగడం కాదు. జిలాని నాలుక మీదికి 'కావాల్సిందే సార్, ఇల్లు గడవదు' అని మొత్తం వాక్యం వచ్చి కూర్చుంది. రుమాలు పళ్ల మధ్య పెట్టుకుని కొరికాడు. విశ్వేశ్వరయ్య కూడా ఏదో అనబోయి, తెర మీద ఓపిగ్గా కాచుకుని ఉన్న ఆ రెండు మాటలను చూసి మానుకున్నాడు.

"...ఒక్కటే సాలదు" అని ముగించింది అమృతవల్లి. "చీటీలెక్కించే పని ఎవరికన్నా నేర్పిస్తా. కలుపును నాకియ్యండి. ప్రోగ్రాము పని నాకియ్యండి. జిలానన్న బాగానే రాస్తాడు, తొందరెక్కువ. పక్కన ఒక నిదానమున్న మనిషి ఉండల్ల."

జిలాని నోట్లోంచి రుమాలు జారింది. తను అందుకుని ఉంటే ఆ పిల్లకు పాత కుర్చీ ఒక్కటే ఇప్పించి ఉండేవాడు. ఆమె అడిగింది అంతకంటే పెద్దది, తనకు తోచనే తోచనిది. ఇన్నేళ్లలో ఎంతమంది ఎన్ని పెద్ద మాటలు మొదలుపెడితే తను చిన్నవి చేసి వాళ్ల చేతిలో పెట్టాడో అనిపించి, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అట్లనే కానీ" అన్నాడు విశ్వేశ్వరయ్య. తర్వాత జిలాని వైపు తిరిగి, "నీకేమన్నా అభ్యంతరమా?" అన్నాడు. జిలాని అడ్డంగా తలూపాడు. నోరు తెరిచేందుకు ఇంకా ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆయన ఇంట్లో కూడా నియమం పెట్టుకున్నాడు. రసూల్‌బీ "ఇదో, సంతలో..." అంటే నోరు కట్టేసుకుని కూర్చునేవాడు. ఆమె ఆగి చూసేది, ఆయన కళ్లప్పగించి చూసేవాడు. ఆమె విసుక్కుని లేచిపోయేది. కొన్నాళ్లు ఇలా సాగాక ఒక రోజు రొట్టెలు కాలుస్తూ ఆమె అట్లకాడ పక్కన పెట్టింది.

"మీకేమన్నా సుస్తీనా?"

"లేదే. నువ్వు పూర్తిగా సెప్తావని కాసుకుంటాండా."

"ఎవరు సెప్పమన్న్యారు? ఇన్నేండ్లూ సగమే సెప్పి పని గడుపుకుంటి. 'ఈ సీర పాతదై...' అంటే మీరే కొత్తది తెస్తామంటిరి. 'మా అమ్మోళ్లింటికి...' అంటే మీరే పోయిరమ్మంటిరి. నేను నోరు తెరిచి ఒక్కటన్నా అడిగినానా? ఇప్పుడు అన్నీ అడుక్కోల్ల." ఆమె రొట్టె తిప్పింది. గొంతు కాస్త తగ్గింది. "మీరు మాట అందుకోకపోతే ఇల్లు బోసిపోయినట్లుండాది."

జిలాని ఆశ్చర్యంతో వెనక్కి ఒరిగాడు. ఇన్నేళ్లూ ఈమె మాటలు తను ముగిస్తున్నానని ఆయన ఖాయంగా అనుకున్నాడు.

"అయితే ఏం సెయ్యమంటావు?"

"తెలిసినంత అందుకోండి. తెలియనిది నన్నడగండి." రసూల్‌బీ రొట్టె తీసి ఆయన పళ్లెంలో వేసింది. కాసేపాగి, "రేపు ఎమ్మిగనూరికి..." అంది.

"పోదాం" అన్నాడు జిలాని వెంటనే. అని, ఆగాడు. ఆమె ముఖంలోకి చూసి, "ఎందుకు?" అని అడిగాడు.

రసూల్‌బీ పొయ్యిలో మంట తగ్గించి, ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. పెళ్లయిన కొత్తలో మానేసిన పనిని మళ్లీ మొదలుపెట్టినట్టు, తీరిగ్గా చెప్పసాగింది. రొట్టె చల్లారిపోయేంతవరకూ జిలాని విన్నాడు.